నాడెకు నోరు ఆనించని రోజు

పోయిన నెల మనవరాలి పెళ్ళి పత్రికలు పంచుతూ ఈ మరాఠీ ఊళ్ళో మన తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో తిరుగుతుంటే, నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన కార్ఖానా ఉన్న సందు ముందు కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. కరోనా నాడు మూతపడిన ఆ షెడ్డు మళ్ళీ తెరుచుకోలేదని తెలుసు గాని, లోపలి సాంచాలను, అంటే మరమగ్గాలను, విప్పి పాత ఇనుముకు అమ్మేశారన్న సంగతి నాకు తెలియదు. మూలమీది తుక్కు దుకాణం ముందు వాటి ఎముకలన్నీ గుట్టగా పోసి ఉన్నాయి. పళ్ళ చక్రాలు, వంగిన కడ్డీలు, నూనె గడ్డకట్టిన ఇరుసుల మధ్య ఒకే ఒక్క కర్రముక్క కనిపించింది. రెండు కొసలకు ఉక్కు మొనలున్న పాత నాడె. మా కార్ఖానాలో దాన్ని మరాఠీ మాటతో ధోటా అనేవాళ్ళం.

దాన్ని చేతిలోకి తీసుకోవడం మాత్రమే నాకు గుర్తుంది. ఆ తర్వాత చేసింది నేను కాదు, నా అలవాటు. బొటనవేలితో దాని కన్నును తుడిచి నోటికి ఆనించుకుని గట్టిగా లోపలికి పీల్చాను. పోగు లేదు గనక నోట్లోకి ఏమీ రాలేదు. పాత దుమ్ము, పాత నూనె, అంతే. దుకాణం ఆయన చూసి పకపకా నవ్వాడు.

"ఏంది తాతా, బీడీ అనుకున్నవా? తీస్కపో తీస్కపో, ఉత్త లాకూడ్, కట్టెముక్క, నాకు తూకానికి గూడ రాదు."

సాంచాల మీద బతికిన మన ఈడు వాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తాను. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె అనే చిన్న గొట్టం ఉంటుంది, కండె మీద పేక నూలు ఉంటుంది. ఆ నూలు అయిపోయినప్పుడల్లా సాంచాను ఆపి, కొత్త కండె పెట్టి, దాని కొసను నాడె పక్కనున్న చిన్న రంధ్రం గుండా బయటికి తీయాలి. ఆ రంధ్రాన్నే కన్ను అంటారు. వేలు పట్టదు, సూదికి అంత తీరిక లేదు. అందుకని నోరు పెట్టి పీలిస్తే పోగు చటుక్కున నాలుక మీదికి వచ్చేది, ఉమ్మి తుడుచుకునేలోపే సాంచా మళ్ళీ నడుస్తుండేది. షిఫ్టు ముగిసేసరికి అలా ఎన్నిసార్లు పీల్చేవాళ్ళమో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరు ఏ రంగు తువ్వాళ్ళు నేస్తున్నారో పెదవులు చూసి చెప్పేవాళ్ళం. ఎర్ర అంచు నేసినవాడు పాన్ తిన్నట్టు కనిపించేవాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సాంచాలు పగలు ఒకరివి, రాత్రి ఇంకొకరివి. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. పగటివాడి పెదవి తడి ఆరకముందే అదే నాడెను రాత్రివాడు నోట పెట్టుకుంటాడు. ఒకే కంచంలో తినడానికి ఇష్టపడని మనుషులు కూడా ఒకే నాడెను ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళు, అది తప్పని గాని గొప్పని గాని ఎవరికీ తోచేది కాదు. అయితే జోడీ కుదరాలంటే ఉన్నవాడు ఒప్పుకోవాలి. సేటు కొత్తవాడిని పెట్టేముందు పాతవాడిని ఒక్క మాట అడిగేవాడు. ఆ మాట మీదే ఎదుటివాడి అన్నం ఉండేది.

తొంభైల మొదటి సగంలో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. మందుల దుకాణాల్లో మాత్రలు దొరక్కపోవడం, ముఖాలకు దస్తీలు కట్టుకుని తిరగడం, చచ్చిన ఎలుక కనిపిస్తే వాడంతా బయటికి రావడం, అన్నీ ఆ శరత్కాలంలోనే. మాకు ఆ రోగం కంటే ముందు దాని వార్త చేరింది, వార్త కంటే ముందే పని పోవడం మొదలైంది. మా కార్ఖానా తువ్వాళ్ళు ఎక్కువగా ఓడల మీద పోయేవి. ఈ దేశపు బట్టను ముట్టుకోమని బయటి దేశాల వాళ్ళు అన్నారట, కట్టిన మూటలు కట్టినట్టే షెడ్డులో పేరుకుపోయాయి. సేటు సగం సాంచాలు ఆపేశాడు. దసరా ముందు, దీపావళి బోనసు మీద ఇల్లిల్లూ ఆశ పెట్టుకునే రోజుల్లో, కొంతం చౌక్‌లో పొద్దున పదింటికి కూడా నేతగాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. మా పేటలో ఒక్క మనిషికైనా ఆ రోగం రాలేదు. కాని మా నోటి కాడ అన్నం తీసుకుపోవడానికి అది ఊళ్ళోకి రావలసిన అవసరం లేకపోయింది.

మా చెల్లెలి భర్త, నా బామ్మర్ది, అప్పటికి సూరత్‌లో ఉన్నాడు. అక్కడ పట్టు సాంచాల మీద కూలి ఎక్కువని వెళ్ళాడని అందరికీ చెప్పేవాణ్ణి గాని, వెళ్ళమని పోరినది నేనే. వాడాలో, నాలుగైదు కుటుంబాలుండే ఆ లోగిలిలో, మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో నేను, నా భార్య, పిల్లలు. వెనక గదిలో చెల్లెలు, ఆమె పిల్లలు. అతను కూడా ఉంటే కాళ్ళు చాపుకునే చోటు ఉండేది కాదు. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు, నన్ను బావా అని పిలిచే ఆ పిలుపులోనే ఒక ఒదుగు ఉండేది. పొమ్మంటే పోయాడు.

బతుకమ్మకు ఇంకా వారం ఉందనగా ఒక మధ్యాహ్నం అతను తిరిగి వచ్చాడు. రైళ్ళో నిలబడే వచ్చాడట. స్టేషన్‌లో ఆపి, నాలుక చూసి, మందు బిళ్ళలు చేతిలో పెట్టి పంపారట. వాడా గుమ్మం దగ్గర ఒక చేతిలో అల్యూమినియం టిఫిన్ డబ్బాతో, ముఖానికి దస్తీతో నిలబడ్డాడు గాని లోపలికి అడుగు పెట్టలేదు. చెల్లెలు బీడీల చాటను ఒళ్ళోంచి దించి లేవబోతుంటే, ఆగమన్నట్టు చెయ్యెత్తి, నా వైపు మణికట్టు చాపాడు.

"బావా, నాకు జరం లేదు. నువ్వే చూస్కో."

పట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. లోపలికి రారా, ఇదేం వేషం అని పెద్దరికంగా అన్నాను. అతను లోపలికి వెళ్ళగానే నేను నల్లా దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను. తల తిప్పితే చెల్లెలు చూస్తోంది. చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

అదే వారంలో నా జోడీదారు ప్లేగు భయంతో కరీంనగర్ వైపు తన ఊరికి పారిపోయాడు. నడుస్తున్న కొన్ని సాంచాల్లో మావీ ఉన్నాయి గనక సేటుకు రాత్రికి మనిషి కావలసి వచ్చింది. బామ్మర్దిని వెంటబెట్టుకుని వెళ్ళాను. సేటు అతణ్ణి కింది నుంచి పై దాకా చూసి, సూరత్ మాట ఎత్తకుండా, నా వంక తిరిగాడు.

"నీ జోడీ. నీకు నడుస్తదా?"

"నడుస్తది సేట్. మా ఇంటి మనిషే గదా."

ఆ మాట గట్టిగా, నలుగురికీ వినిపించేలా అన్నాను. ఆ సాయంత్రం చెల్లెలు సత్తుముద్దలు చేసింది. మొదటిది అన్నకే అంటూ నా చేతిలో పెట్టింది. ఇంట్లో నా మర్యాద పెరిగిపోయింది. మంచివాడిననిపించుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టమే. దానికి ఇవ్వవలసినది ఇవ్వడం దగ్గరే నా చేయి వెనక్కి పోతుంది, ఈ వయసుకైనా ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున షిఫ్టు మార్పిడికి వెళ్ళాను. రాత్రంతా నిలబడ్డ అలసటలో కూడా అతని ముఖం వెలుగుతోంది. చాలా రోజుల తర్వాత పని దొరికిన మనిషి ముఖం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ రోజు నీలం అంచు తువ్వాళ్ళు. అతని కింది పెదవి నీలంగా ఉంది. నడుస్తున్న సాంచాను ఆపి, కండె మార్చి, పీల్చి, పోగు తీసి, నాడెను నా చేతికి ఇచ్చి వెళ్ళాడు. దాని కన్ను ఇంకా తడిగా ఉంది. ఆ రోజంతా నాడెను ప్యాంటుకు రుద్ది రుద్ది, ఊపిరి బిగబట్టి పీల్చాను. ఇంటికి పోతూ ఒక పాత గొడుగు పుల్ల విరిచి, కొస వంచి, చిన్న కొక్కెం చేసుకున్నాను.

ఆ కొక్కెంతో పోగు తీయడం వీలవుతుంది గాని ఆలస్యమవుతుంది. పక్క సాంచాల మీద పనిచేసే పెద్దాయన చూడనే చూశాడు. ఏంది ఈ కొత్త ఔజారు అని అడిగితే, పంటి నొప్పి కాకా, గాలి పీలిస్తే జివ్వుమంటోంది అని దవడ పట్టుకుని చూపించాను. ఆయన తల ఊపాడు. చాయ్ హోటల్‌లో కూడా అదే చెప్పాను. అడగని వాళ్ళకు కూడా చెప్పాను. భయపడేవాడు నోరు మూసుకుని ఉంటే కొంత నయం. నేను నా భయాన్ని పంటి మీద పెట్టి ఊరంతా తిప్పాను.

ఒకనాటి సాయంత్రం కొక్కెం సాంచా మీదే మరిచి ఇంటికి పోయాను. పొద్దున వచ్చేసరికి అది మేకుకు తగిలించి ఉంది. చేత్తో పట్టుకునే చోట ఇనుము గుచ్చుకోకుండా, తెగిపోయిన పోగులు తీసుకుని వరుసగా, నున్నగా, గట్టిగా చుట్టి ఉంది. నీలం పోగులు. నా పంటి నొప్పిని నమ్మి చుట్టాడో, నమ్మకనే చుట్టాడో ఆ రోజు నాకు తెలియలేదు. అడగలేదు. ఆ పిడి చేతికి సుఖంగా ఉందని మాత్రం అనుకున్నాను, దానితోనే పని చేసుకున్నాను.

మా నాడెలు మావే అని రాసిపెట్టి ఉండవు. మొన అరిగితే మిస్త్రీ దగ్గరికి పోతాయి, బాగై వచ్చేటప్పుడు ఎవరివి ఎవరికో పోతాయి. ఇన్నేళ్ళూ పట్టని ఆ సంగతి ఇప్పుడు అందరికీ పట్టింది. సొంత బావే కొక్కెం పట్టుకున్నప్పుడు మనమెట్ల ముడతం అన్న మాట ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు పాకింది. వారం తిరగకముందే, ఆ సూరత్ మనిషిని తీసేస్తే గాని పనికి రామని కొందరు సేటు దగ్గరికి పోయారు.

మర్నాడు షిఫ్టు మారే వేళకు సేటు తానే షెడ్డులోకి వచ్చాడు. మంచివాడనే చెప్పాలి. ఊరికే తీసేసి ఉండవచ్చు, అలా చేయలేదు. రాత్రివాళ్ళు, పగటివాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. మా సాంచా ఆగి ఉంది, కండె అప్పుడే అయిపోయింది. బామ్మర్ది కొత్తది పెట్టాడు గాని పీల్చలేదు. నాడెను రెండు చేతులతో పట్టుకుని సేటు ముఖం చూస్తున్నాడు.

"ఎందుకీ లొల్లి?" అన్నాడు సేటు, నాతోనే. "అతను పోగు తీసి ఇస్తడు. ఆ ధోటానే తీస్కొని, ఇంకో కండె పెట్టి, నువ్వు నోటితోటి పీల్చు. అందరు చూస్తరు. ఖతం."

పెద్దాయన వెనక నుంచి అందుకున్నాడు. "పాపం, ఆయనకు పన్ను నొస్తది సేట్."

నవ్వులు లేచాయి. బామ్మర్ది నవ్వలేదు. నాడెను పీల్చి, నీలం పోగును వేలికి చుట్టి తీసి, నా వైపు చాపాడు. ఆనాడు గుమ్మం దగ్గర మణికట్టు చాపినట్టే చాపాడు. అందుకున్నాను. కండె మార్చాను. షెడ్డులో నడుస్తున్న సాంచాలను కూడా ఆపేసినట్టున్నారు, అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేను అంతకు ముందు గాని తర్వాత గాని వినలేదు. నాడెను పెదవుల దాకా ఎత్తాను. నా పిల్లలు మనసులో మెదిలారని ఇంతకాలం నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే ఎవరూ మెదలలేదు. కన్ను దగ్గరి ఆ తడి ఒక్కటే కనిపించింది. నా చేయి కిందికి దిగి, జేబులోకి పోయి, నీలం పిడి ఉన్న కొక్కేన్ని తీసింది.

బామ్మర్ది మేకుకు ఉన్న తన అంగీ తీసుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. నేను పోగు తీసి సాంచా నడిపాను.

దాని తర్వాతది ఒకదాని వెంట ఒకటి జరిగిపోయింది. షెడ్డులో జరిగిన సంగతి వాడాకు వచ్చింది, వాడా నుంచి బీడీల కార్ఖానాకు పోయింది. బీడీ కూడా నోట పెట్టుకునేదే గదా. చెల్లెలు కట్టలు తీసుకుపోతే, సూరత్ ఇంటి బీడీలు మాకొద్దు, మీవాళ్ళే ఆయన ముట్టింది ముట్టలేదంట గదా అని కట్టలు లెక్కచూసే ముకాదం వాపసు ఇచ్చాడు, ఆకూ తంబాకూ ఇవ్వడం ఆపేశాడు. మూడో రోజు నా భార్యకూ ఆపేశాడు. ఒకే గడప మీద కూచుని చుట్టేవాళ్ళలో ఎవరిది సూరత్ బీడీ, ఎవరిది కాదని ఎవరు తేలుస్తారు? సద్దుల బతుకమ్మ నాడు వాడా ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతుంటే చెల్లెలూ నా భార్యా గుమ్మంలోనే నిలబడి చప్పట్లు కొట్టారు.

నా భార్య కోపిష్టి కాదు. ఆ దీపావళికి మాత్రం, బోనసు లేక, నూనె లేక, పిల్లలు టపాకాయల కోసం ఏడుస్తుంటే, నా ముందు ఖాళీ చాట బోర్లించి ఒక్క మాట అంది.

"పన్ను నొప్పి నీకొచ్చింది. పస్తులు మాకొచ్చినయ్."

బామ్మర్ది పొద్దున్నే లేచి మండీకి పోయి మూటలు మోసేవాడు. దొరికిన రోజు దొరికేది. నేతపని తప్ప ఇంకేదీ తెలియని ఆ వేళ్ళు మూటల తాళ్ళకు కోసుకుపోయాయి. దీపావళి వెళ్ళాక ఇంకో సాంచాల ఊరు భీవండికి పోయాడు, నెల తిరగకముందే చెల్లెలినీ పిల్లలనీ తీసుకుపోయాడు. వాళ్ళ గది మాకు మిగిలింది. కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

ప్లేగు మాట తగ్గిపోయాక నా పాత జోడీదారు ఊరి నుంచి తిరిగి వచ్చాడు. అతను నా చేతికి నాడె ఇచ్చిన మొదటి పొద్దుననే కొక్కేన్ని పక్కన పారేసి హాయిగా నోటితో పీల్చాను. అతనికి ఎప్పటి నుంచో దగ్గు ఉంది. నేతగాళ్ళన్నాక దుమ్ముకు అందరికీ ఉండేదే అనుకున్నాను. ఏళ్ళుగా తెలిసిన మనిషి, తెలిసిన దగ్గు. మరుసటి ఏడు వానాకాలంలో నా ఉమ్మిలో ఎరుపు కనిపిస్తే, ఎర్ర అంచు నేస్తున్నానేమోనని సాంచా వైపు చూశాను. సాంచా మీద ఉన్నది తెల్ల తువ్వాలు.

సర్కారు దవాఖానా మందు నెలల తరబడి మింగాను. నా సాంచాలు వేరేవాళ్ళకు పోయాయి, నా భార్యకు మళ్ళీ దొరికిన బీడీల పని మీద ఇల్లు నడిచింది. డాక్టరు చెప్పాడని నా గ్లాసు, నా పళ్ళెం విడిగా కిటికీలో పెట్టేవాళ్ళు. పరామర్శకు వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టే మొహం నాకు లేదు.

అప్పుడు భీవండి నుంచి చెల్లెలూ, బామ్మర్దీ వచ్చారు. చెల్లెలు ఏడుస్తూ వంటింట్లోకి పోయింది. అతను నేరుగా వచ్చి నా చాప మీద, నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూచున్నాడు. కిటికీలోని గ్లాసును చూశాడు. నన్ను చూశాడు. కోపం లేదు, ఎగతాళి కూడా పూర్తిగా లేదు. ఎంతో మామూలుగా, ప్రయాణం సంగతి అడిగినట్టు అడిగాడు.

"బావా, పన్ను నొప్పి తగ్గిందా?"

నవ్వబోయి దగ్గాను. దగ్గు ఆగేదాకా వీపు మీద చెయ్యేసి ఉంచాడు. ఆ తర్వాత పిల్లల చదువుల గురించీ, భీవండి వానల గురించీ మాట్లాడుకున్నాం. ఆ సంగతి మా మధ్య వచ్చింది ఆ ఒక్కసారే. జవాబు చెప్పడానికి నాకు పాతికేళ్ళు పైగా దొరికాయి. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, ఒకే బంతిలో కూచుని తిన్నాం. చెప్పలేదు. కరోనా రెండో ఏడు అతను భీవండిలోనే పోయాడు. ఇక్కడి నుంచి ఎవరమూ కదలలేని రోజులు. చెల్లెలు ఫోన్‌లో, ఎవరినీ ముట్టనియ్యలేదన్నా, అని మాత్రం అంది.

ఇప్పటి సాంచాలకు నాడె లేదు, నోటితో పీల్చవలసిన కన్నూ లేదు. మంచిదే, ఎందరి ఊపిరితిత్తులో మిగిలాయి. కరోనా నాడు మనిషికి మనిషి దూరంగా నిలబడటం మర్యాద అయింది, ముఖానికి గుడ్డ కట్టుకోవడం బాధ్యత అయింది, నాలాంటివాడు దవడ పట్టుకుని అబద్ధమాడవలసిన అవసరం లేకపోయింది. అది కూడా మంచిదే కావచ్చు. అయినా షెడ్డులు మూసుకున్నప్పుడు, చౌక్‌లో మళ్ళీ అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులను చూసినప్పుడు, వాళ్ళలో ఎందరి పని రోగం తీసుకుపోయిందో, ఎందరిది నాలాంటి ఒక తోటివాడి వెనకడుగు తీసుకుపోయిందో అనుకోకుండా ఉండలేకపోయాను. మునుపు ఒకరి ఎంగిలి ఒకరం తెలియకుండానే మింగి బతికాం. ఇప్పుడు అన్నీ తెలుసుకుని, శుభ్రంగా, ఎవరికి వాళ్ళం ఉన్నాం.

తుక్కు దుకాణం నుంచి తెచ్చుకున్న నాడె కిటికీలో, ఒకప్పుడు నా గ్లాసు ఉన్నచోటనే ఉంది. దాని కన్ను చుట్టూ కర్ర ఎందరి పెదవులకో అరిగి నున్నగా అయింది. అందులో అతని పెదవి కూడా ఉందో లేదో తెలియదు. నా నోట్లో ఇప్పుడు ఒక్క పన్ను కూడా మిగలలేదు. అయినా ఇవాళ అతను వచ్చి, నా మోకాలి పక్కన కూచుని, అదే మాట మళ్ళీ అడిగితే, తగ్గలేదురా అనే చెప్పాలి.